తొలినుడి నేర్చిన పిల్ల

"నోరు కట్టుకుని వంట చెయ్యటం నా వల్ల గాదు బాబుగారూ," అని వంటమనిషి నాగేంద్రమ్మ వరండా మెట్ల మీద నిలబడి తెగేసి చెప్పింది. "చెయ్యి కాలితే అబ్బా అనగూడదు, పాలు పొంగితే అయ్యో అనగూడదు. ఇదేం కొంపండీ? పీనుగ లేచిన ఇంట్లోనన్నా ఏడుపు వినబడుద్ది."

ఆచార్య పొన్నెకంటి విరూపాక్షరావు ఆమెను వెంటనే వారించలేదు. పిల్ల లోపలి గదిలో ఉంది, తలుపు మూసే ఉంది. అయినా ఆయన చూపుడువేలు పెదవులకు ఆనించి, ఆమెను గేటుదాకా నడిపించుకుపోయి, అక్కడ గాని నోరు విప్పలేదు.

"నీ బదులు ఎవరినైనా చూసిపెట్టు. మాట తక్కువ మనిషైతే మేలు."

"మాట తక్కువేంటండీ, మూగమనిషిని చూస్తాలెండి. మీ మనవరాలికి సరీగ్గా సరిపోద్ది," అని నాగేంద్రమ్మ చెంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఆ ఇల్లు విజయపురి సౌత్‌లో, నాగార్జునసాగర్ జలాశయానికి ఎగువన, కృష్ణాతీర ప్రాచీనభాషా పరిశోధనాలయం ఆవరణలో చిట్టచివర ఉండేది. దాని గోడల లోపల పిల్లకు వినబడేటట్లు తెలుగుముక్క పలకరాదన్నది నియమం. టీవీ లేదు, రేడియో లేదు. ఫోన్లు పరిశోధనాలయంలోనే ఉంచి రావాలి. పిల్ల పేరు బోధిక, విరూపాక్షరావు కూతురు హైమవతి బిడ్డ. నిరుడు వేసవిలో అయిదో ఏడు నిండినా ఆమెకు ఒక్క తెలుగు మాట రాదు. ఆమెకు వచ్చినది, పద్దెనిమిది వందల ఏళ్ళుగా ఏ నోటా పలకని భాష.

ఆ భాషను బయటికి తీసింది 'జాడ' అనే యంత్రం.

ఒకప్పుడు ఈ కృష్ణ ఒడ్డున శైలారామమనే విహారంలో ఒక భిక్షుణి చేసిన ధర్మప్రసంగాలు టిబెటను అనువాదంలో మాత్రమే మిగిలాయి. మూలం ఎప్పుడో నశించింది. అది సంస్కృతమని పండితులందరూ తీర్మానించి ఊరుకున్నారు. విరూపాక్షరావు ఊరుకోలేదు. ఆ టిబెటను అనువాదకులు మహాభక్తులు. గ్రంథంలోని మాట వరుస చెదిరితే పాపమన్నట్లు, తమ భాష కిర్రుమని మూలిగినా సరే, మూలంలోని వరుసనే పట్టుకుని నడిచారు. ఇంగ్లీషులో తలచి తెలుగులో రాసేవాడి వాక్యం నాలుగడుగులు వేసేసరికి ఆ కుంటుడు ఎక్కడిదో పట్టుబడిపోతుంది కదా! జాడ చేసే పని కూడా అదే. అనువాదంలోని మూలుగులన్నిటినీ పోగుచేసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, ఇన్ని నొక్కులు పడాలంటే పైనుంచి నొక్కిన వస్తువు ఏ ఆకారంలో ఉండి ఉంటుందో లెక్కగడుతుంది.

మొదట సంస్కృతమే తేలింది. తోటివారు చప్పట్లు కొట్టి యంత్రాన్ని ఆపబోయారు. "ఆపకండి. ఈ సంస్కృతం కూడా కుంటుతోంది," అన్నాడు విరూపాక్షరావు. దాని అడుగున ప్రాకృతం తేలింది. ప్రాకృతమూ కుంటింది. మరికొన్ని నెలలకు తెరమీద ఒక వాక్యం అక్షరమక్షరంగా పేరుకోసాగింది. క్రియ చివరికి వచ్చి కూర్చుంది. చేసినదాని వెంట చెయ్యబోయేది గొలుసుకట్టులా నడిచింది. అప్పుడు హైమకు మూడో నెల. యంత్రం ముందు కూర్చుని ఆ వాక్యాన్ని పైకి చదివి, చదివిన నోటిని చేత్తో మూసుకుంది.

"నాన్నా, ఇది మనదే."

విరూపాక్షరావు దానికి తొలినుడి అని పేరు పెట్టాడు. తెలుగుకు తాతమ్మ అనదగిన భాష, రాయిమీదికి గాని తాటాకుమీదికి గాని ఎక్కకముందే ఒక ఆడమనిషి నోట ధర్మం పలికిన భాష! ఆ వారం రోజులూ ఆయనకు అన్నం సహించలేదు.

కానీ లోకం నమ్మలేదు. అందరికంటె గట్టిగా నవ్వినవాడు ఆయనతో కలిసి చదువుకున్న ఆచార్య కమలాకరశర్మ. "ఆ యంత్రం అద్దంరా విరూపాక్షా. ముందు నువ్వు కూర్చున్నావు గనక అడుగున తెలుగు కనబడింది. అరవవాడు కూర్చుంటే అరవం కనబడేది. బతికున్న మనిషి ఒక్కడిచేత మాట్లాడించి చూపించు, నమ్ముతాను," అని నిండుసభలో అన్నాడు.

బతికున్న మనిషి అప్పటికి హైమ కడుపులో ఉంది. యంత్రం అల్లిన కట్టుకథ అయితే పసిమెదడు దాన్ని ఉమ్మేస్తుంది, మనుషుల భాషే అయితే అందులో కాపురం పెడుతుంది. ఇది విరూపాక్షరావు వాదం. తండ్రి కళ్ళలోని వెలుగు చూసి హైమ ఒప్పుకుంది. నిజానికి ఆ వెలుగు ఆమె కళ్ళలోనూ ఉంది. అల్లుడు ఫణీంద్రకు మాత్రం ఫోనులో చెప్పారు. అతడు కాకినాడ తీరానికి దూరంగా సముద్రం మధ్య చమురు బావి వేదికమీద ఇంజనీరు. నెల పని, నెల సెలవు. "ఒకటి రెండేళ్ళే గదా," అనుకున్నాడు అతడు.

ఇంట్లో ప్రతి గదిగోడకూ జాడకు అనుబంధంగా ఒక చిన్న పెట్టె బిగించారు. పిల్ల ఎదుట ఎవరు ఏ మాట పలికినా అది వింటుంది. శైలారామ ప్రసంగాల్లో దొరికిన మాటైతే పచ్చదీపం వెలిగేది, అంటే సాధారం. దొరకనిదైతే ఎర్రదీపం, నిరాధారం. ఎర్రదీపపు మాటకు పెద్దలు జవాబివ్వరు. సైగకు అసలే ఇవ్వరు. చెయ్యి చాపితే పని జరుగుతున్నప్పుడు నోరు తెరిచే శ్రమ ఏ పిల్ల పడుతుంది? మొదట్లో బోధిక చేతులు చాపేది, గింజుకునేది. మూడో ఏడు వచ్చేసరికి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి మాట్లాడటం దానంతట అదే అలవడింది. అలా నిలబడినప్పుడు చిన్న సన్యాసినిలా ఉండేది. విరూపాక్షరావు మురిసిపోయేవాడు.

అయితే, అది ప్రసంగాల్లోంచి దొరికిన భాష. అందులో తృష్ణకు పది మాటలున్నాయి, ఉయ్యాలకు లేదు. పడవ ఉంది; అది దాటి వదిలెయ్యవలసిన పడవ. ఇల్లు ఉంది, అది కాలిపోతున్న ఇల్లు. పసిదాన్ని దగ్గరికి పిలిచే మాట ఎంత వెతికినా దొరకక, చివరికి ఆ భిక్షుణి తన శ్రోతలను పిలిచిన పిలుపునే తాత ఖాయపరిచాడు. తెలుగులో చెప్పాలంటే 'ఓ కులపుత్రికా' అని.

*

"ఆ మాట మీద నాకు నవ్వాగట్లేదండి మావయ్యగారూ," అన్నాడు ఫణీంద్ర. మామా అల్లుళ్ళిద్దరూ జలాశయం గట్టున, పిల్ల చెవికి అందనంత దూరంలో నడుస్తున్నారు. తెలుగులో మాట్లాడాలంటే అంత దూరం రావలసిందే. "మా నాన్న నన్ను ఏరా ఎదవా అని పిలిచేవోడండి. ఆ పిలుపులో నాకు పొద్దుట టిఫినూ ఉండేది, సాయంత్రం సినిమా ఉండేది. కులపుత్రికలో ఏముందండీ?"

"పద్దెనిమిది వందల ఏళ్ళుంది," అన్నాడు విరూపాక్షరావు.

"మా రిగ్గు మీద అరవోళ్ళున్నారు, బెంగాలీలున్నారు, నార్వేవోడొకడున్నాడు. అందరితోటీ కబుర్లాడతానండి. సెలవెట్టి ఇంటికొచ్చేసరికి మూగెద్దునైపోతన్నాను. పొద్దున్న దానికి చక్కిలిగిలి పెట్టేనండి. కిలకిలా నవ్వింది. మీ గోడమీది పెట్టెకేసి చూసేను. పచ్చా వెలగలేదు, ఎర్రా వెలగలేదు. ఆ నవ్వొక్కటే మా ఇద్దరి భాషండి."

"చూడవయ్యా, వచ్చే నెలలోనే సభ. దేశంలోని భాషావేత్తలందరూ వస్తున్నారు. ఇన్నాళ్ళు ఆగినవాడివి..."

"సభ అయ్యేక?"

విరూపాక్షరావు సభదాకా ఆలోచించాడే తప్ప దాని ఆవలికి ఆయన ఊహ ఎన్నడూ పోలేదు.

"ఈ నుడి మాటాడేవోళ్ళు లోకం మొత్తమ్మీద ఎందరండీ?"

"ముగ్గురం. నేను, హైమ, బోధిక. హైమది ఇంకా తడబాటే."

"మీకు డెబ్బై నాలుగు," అన్నాడు ఫణీంద్ర మెల్లగా. "తప్పుగా అనుకోకండి. మీరు పోయేక అది ఎవరితో మాటాడుద్దండీ? ఆ పెట్టెతోనా?"

"చరిత్రలో కొన్ని పనులు మన సుఖదుఃఖాలకంటె పెద్దవి, ఫణీంద్రా."

"మీకు పెద్దవేనండి. దానికింకా చరిత్రేదండీ? పాలపళ్ళు కూడా ఊడలేదు."

మర్నాడు తెల్లవారకముందే అతడు సముద్రానికి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ నిద్రపోతున్న పిల్ల మంచం దగ్గర నిలబడి పెదవులు కదిపాడు గాని, గోడమీది పెట్టెను చూసి శబ్దం రానివ్వలేదు.

*

సభకు ముందురోజు ఉదయం బోధిక పెట్టిన అన్నం ముట్టలేదు. పాఠం వేళకు మాత్రం వచ్చి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. తాత రోజూ అడిగే ప్రశ్నే తొలినుడిలో అడిగాడు. "కులపుత్రికా, లోకమెట్లున్నది?"

"లోకము దుఃఖముగా నున్నది," అంది బోధిక. రోజూ చెప్పే జవాబే. లోకమంతా దుఃఖమని ఆమెకు మాటలు వచ్చిననాటినుంచీ తెలుసు. ఒక్కచోట మాత్రమే నొప్పి పుట్టినప్పుడు ఏమనాలో ఎవరూ నేర్పలేదు, నేర్పటానికి ఆ ప్రసంగాల్లో లేదు.

ఆనాటి పాఠం వేరు. కానీ తాత గ్రంథం విప్పకముందే బోధిక తనంతట తాను దేహభావన మొదలుపెట్టింది. దేహంమీద మోహం పోవడానికి భిక్షుణి చెప్పిన అవయవాల వరుస అది. "ఈ దేహమునందు జుట్టు కలదు, గోళ్ళు కలవు, పళ్ళు కలవు, తోలు కలదు, మాంసము కలదు, ఎముకలు కలవు, మూలుగ కలదు, గుండె కలదు, కాలేయము కలదు, ప్రేగులు కలవు..."

అక్కడ ఆగింది. తాత ముఖంలోకి చూసింది.

"రక్తము కలదు," అని ఆయన అందించాడు.

బోధిక ఆ మాట తీసుకోలేదు. మళ్ళీ జుట్టు దగ్గరికి పోయి మొదలుపెట్టి, మళ్ళీ ప్రేగుల దగ్గర ఆగి, మళ్ళీ చూసింది. పచ్చదీపం నిలకడగా వెలుగుతూనే ఉంది. విరూపాక్షరావు ఓర్పుగా ఇంకోసారి అందించాడు. మర్చిపోయినందుకు కోపం రాలేదు సరికదా, ఆయన గుండె ఉప్పొంగింది. చెప్పకుండానే, అడక్కుండానే, ఒక పసిది తన భాషలో తానై దేహాన్ని తలపోస్తోంది! రేపు కమలాకరానికి ఇంతకంటె ఏం కావాలి?

హైమను గేటుదాకా తీసుకుపోయి అదే చెప్పాడు.

"ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది నాన్నా," అంది హైమ. "రాత్రి కూడా సరిగా తిన్లేదు."

"నిన్న ఎండలో తిప్పావు కదమ్మా. ఏదన్నా సిరప్పు వెయ్యి. రేపటికి సర్దుకుంటుంది."

హైమ సిరప్పు తేవటానికి లోపలికి నడిచింది. తండ్రి మాట మీద మాట అనటం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. పైగా ఆ రేపటికోసం తానూ అయిదేళ్ళు కన్నబిడ్డతో గ్రంథం మాటలే మాట్లాడింది.

*

పరిశోధనాలయం సభామందిరం కిటకిటలాడింది. వేదికమీద తెల్లబట్టలతో బోధికను నిలబెట్టారు. వెనక పెద్ద తెరమీద ఆమె పలికే ప్రతి మాటా తెలుగు తాత్పర్యంతో కనబడుతుంది. మాట పక్కనే పచ్చగానో ఎర్రగానో చుక్క. మొదటి వరుసలో కమలాకరశర్మ చేతికర్రమీద గడ్డం ఆనించి కూర్చున్నాడు.

తాత వేసిన నాలుగు ప్రశ్నలకూ పిల్ల తడుముకోకుండా జవాబు చెప్పింది. గొంతు మాత్రం సన్నగిల్లింది. కిటికీలోంచి కనబడే కృష్ణానది ఏమిటని అడిగితే, "పోవుచు పోవుచుండియు పోనిది," అంది. అది ప్రసంగాల్లో ఉన్న వాక్యం కాదు. ఉన్న మాటలతో ఆమె స్వయంగా కట్టినది. తెరమీద అన్నీ పచ్చచుక్కలే. విరూపాక్షరావుకు కళ్ళు చెమర్చాయి.

కమలాకరశర్మ లేచాడు. "విరూపాక్షా, ఇన్నాళ్ళూ నిన్ను ఆడిపోసుకున్నాను. ఒక్క ప్రశ్న నన్ను అడగనియ్యి, నీకు దాసోహమంటాను. పిల్లకు ఇప్పుడు ఏం కావాలో అడుగు. గ్రంథంలోది కాదు, దాని మనసులోది."

విరూపాక్షరావు గర్వంగా మనవరాలివైపు తిరిగాడు. "కులపుత్రికా, ఇప్పుడు నీ మనమునందేమి కలదో చెప్పుము."

బోధిక పెదవులు తడుపుకుంది. "ఈ దేహమునందు జుట్టు కలదు," అని మొదలుపెట్టింది.

సభలో ఎవరో ముచ్చటగా నవ్వారు. గోళ్ళు, పళ్ళు, తోలు, మాంసం... పచ్చచుక్కలు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి. "ప్రేగులు కలవు." అక్కడ ఆగింది.

"రక్తము కలదు," అన్నాడు తాత.

పిల్ల ఆయనను చూసింది. జుట్టు దగ్గరినుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి మాటమాటకూ ఊపిరి పీల్చుకుంటోంది. ప్రేగులు. ఆగింది.

"రక్తము. తరువాత చెమట. తరువాత కన్నీరు. చెప్పుము."

"పిల్ల అలిసిపోయినట్టుందిరా," అన్నాడు కమలాకరశర్మ. "పోనియ్యి, కూర్చోబెట్టు."

"అలిసిపోలేదు. ఒక్కమాట జారింది, అంతే. మొత్తం కంఠతా వచ్చు," అన్నాడు విరూపాక్షరావు. ఇంత దూరం వచ్చి, ఇందరి ఎదుట, ఒక్క మాట దగ్గర ఓడిపోవటమా? వంగి, పిల్ల కళ్ళలోకి చూస్తూ, ఇంకోసారి అన్నాడు. "ప్రేగులు కలవు. రక్తము..."

బోధిక మూడోసారి మొదలుపెట్టింది. ప్రేగుల దగ్గరికి వచ్చేసరికి గొంతు చిట్లింది. వెనక కట్టుకున్న చేతుల్లో ఒకటి విడివడి ముందుకొచ్చి, పొట్టమీద కుడివైపుకు పోబోయి, తాత ఎదుట ఉన్నాడని గుర్తొచ్చినట్లు చప్పున వెనక్కి పోయింది. దొంగతనం చేసిన చెయ్యిలాగా.

ఆ చేతిని హైమ చూసింది.

"నాన్నా! దానికి కడుపులో నొప్పి!"

తల్లి నోట తెలుగును బోధిక అంతవరకూ విని ఎరగదు. హైమ కుర్చీలు తోసుకుంటూ వేదికమీదికి ఎక్కి, పిల్లను రెండు చేతులా ఎత్తుకుంటే, తనను ఎవరో కొత్తమనిషి ఎత్తుకున్నట్లు బిక్కచచ్చి చూసింది. తెరమీద హైమ మాటల పక్కన ఎర్రచుక్కలు వరుసగా వెలిగాయి. వాటికి పైన, పిల్ల పలికినంతమేరా, ఒక్క తప్పూ లేదు.

*

మాచర్లలో పిల్లను చూసిన డాక్టరు పొట్టమీద చెయ్యి వేసీ వెయ్యగానే గుంటూరు తీసుకుపొమ్మన్నాడు. దారిపొడుగునా హైమ ఒళ్ళో బోధిక మోకాళ్ళు ముడుచుకుని పడుకుంది. ఏడవలేదు. కారు గతుకులో పడ్డప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకునేది. ముందుసీట్లో కూర్చున్న విరూపాక్షరావు వెనక్కి తిరిగి ఏదో ఒకటి చెప్పాలనుకున్నాడు. 'ఇదిగో వచ్చేశాం, తగ్గిపోతుంది తల్లీ' అనాలని ఆయన ప్రాణం కొట్టుకుంది. తొలినుడిలో వెతికాడు. 'పుట్టినదెల్ల నశించును' దొరికింది. 'సహించువాడు ధన్యుడు' దొరికింది. ఆయన మళ్ళీ ముందుకు తిరిగి కూర్చున్నాడు.

గుంటూరులో రెండు గంటలకు పైగా ఆపరేషన్ జరిగింది. సర్జన్ బయటికి వచ్చి టోపీ తీసి, అలసటగా గోడకు ఆనుకున్నాడు.

"అపెండిక్స్ పగిలిపోయిందండీ. లోపలంతా చీము పట్టింది, కడిగాం. ప్రాణానికి భయం లేదనే అనుకుంటున్నా, రెండ్రోజులు చూడాలి." వాళ్ళ బట్టలూ వాలకమూ చదువుకున్నవాళ్ళలా ఉండటంతో అతనికి విసుగు వచ్చింది. "కనీసం నిన్నటినుంచీ నొప్పి ఉండి ఉండాలి. అయిదేళ్ళ పిల్ల. చెప్పలేదా మీకు?"

"చెప్పింది," అన్నాడు విరూపాక్షరావు.

*

మూడోనాటికి బోధికకు జ్వరం దిగింది. కళ్ళు తెరిచి చూస్తోంది గాని మాట లేదు. వార్డులో చుట్టూ తెలుగు పొంగి పొర్లుతోంది. పక్కమంచం పిల్లవాడు ఇంజక్షను సూది కనబడగానే ఆసుపత్రి కప్పు ఎగిరిపోయేలా "అమ్మో, నేనొల్ల!" అని అరిస్తే, బోధిక వాడి నోటికేసి వింతగా చూసింది. అంత చప్పుడు చెయ్యవచ్చునని, చేస్తే నలుగురు పరుగెత్తుకు వస్తారని ఆమె ఎరగదు.

"ఏం పాపా, నొప్పుందా? ఏదీ, ఎక్కడో చెప్పు," అంటుంది నర్సు. పాప చేతులు వీపు కిందికి దూర్చుకుంటుంది.

హైమ తండ్రిని మంచం దగ్గరికి రానివ్వలేదు. తిట్టలేదు, నిందించలేదు. "మీరు బయట కూర్చోండి నాన్నా," అంది, అంతే. కానీ తాను బిడ్డతో ఏ భాషలో మాట్లాడాలో ఆమెకు పాలుపోలేదు. తొలినుడి నోటికి రావటం లేదు, తెలుగు పిల్లకు చేరటం లేదు. తడిగుడ్డతో దాని నుదురు తుడుస్తూ కూర్చుంది. నడవలో బల్లమీద విరూపాక్షరావు, తలుపు సందులోంచి కనబడే రెండు చిన్న పాదాలను చూస్తూ కూర్చున్నాడు.

ఉదయం పదకొండు దాటాక ఫణీంద్ర వచ్చాడు. సముద్రంలో వాయుగుండం పట్టి హెలికాప్టరు లేవనందుకు అతడికి ఇన్నాళ్ళు ఆలస్యమైంది. నూనె మరకల చొక్కాతోనే ఉన్నాడు. మామగారి ముందునుంచి ఆగకుండా లోపలికి పోయి, మంచం పక్కన నేలమీద మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఆ తరువాత అయిదేళ్ళనుంచీ అతడి గొంతులో అడ్డుపడి ఉన్నదంతా ఒక్కసారి కట్ట తెగింది.

"అమ్మడూ, నాన్నొచ్చేడే. ఇదిగో, ఇటు చూడు, నాన్ననే. నెప్పెడితే ఊరుకోకే తల్లీ, గట్టిగా అరువు, ఊరంతా అదిరిపోవాల. నిన్ను కాకినాడ ఎత్తుకుపోతానే. ఇసకలో పీతలు పరిగెడతాయి, పట్టుకుందారి. కాజా పెడతాను. మీ నానమ్మ నీకోసం గాజులు కొనుంచిందే..."

బోధిక అతని మీసాల కదలికను చూస్తోంది. చక్కిలిగిలి పెట్టే మనిషని గుర్తుపట్టింది. కాని ఆ మనిషి నోట ఇంత శబ్దం ఉందని ఆమెకు తెలియదు. కాసేపటికి ఫణీంద్ర మాటలు వాటంతటవే ఆగిపోయాయి. తల తిప్పకుండానే పిలిచాడు.

"మావయ్యగారూ. ఓసారిలా రండి."

విరూపాక్షరావు గుమ్మం దగ్గరికి వచ్చి కూతురివైపు చూశాడు. హైమ తడిగుడ్డ తీసుకుని పక్కకు జరిగింది.

"నేనన్నది దానికి చెప్పండి," అన్నాడు ఫణీంద్ర. "మీకు దణ్ణవెడతాను. మీరొక్కరే చెప్పగలరు."

విరూపాక్షరావు మంచం అంచున కూర్చున్నాడు. జీవితమంతా ఇతరుల అనువాదాలను గీకి అడుగు చూసినవాడు, తాను ఒక్క వాక్యం అనువదించి ఎరగడు. ఫణీంద్ర మాటలను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాడు. సముద్రమున్నది, కాని అది మునిగిపోయే సంసారం. అరుపున్నది, కాని అది నరకంలో వినబడేది. పీత లేదు. గాజులున్నాయి, తీసి పారెయ్యవలసినవి. తండ్రి ఉన్నాడు, ప్రసంగాల్లో ఎక్కడబడితే అక్కడ ఉన్నాడు, ఉన్నచోటల్లా వదిలి వెళ్ళవలసిన బంధంగానే ఉన్నాడు. ఆ మాటతో ఈ మనిషిని ఈ పిల్లకు ఎలా చూపించడం?

వెయ్యేళ్ళనాటి ఆ టిబెటను అనువాదకులు దాటించలేని మాటకు ఏం చేసేవారో ఆయనకు తెలుసు. దాన్ని ముక్కలు చెయ్యక, మార్చక, ఉన్నదున్నట్లు ఎత్తి అవతలి ఒడ్డున పెట్టేసేవారు. అర్థం కాకపోయినా సరే, పదిలంగా. అలాంటి మాటలను ఆయన ఎన్నోసార్లు అనువాదకుల అసమర్థత కింద కట్టి పక్కకు తోసేశాడు.

"కులపుత్రికా," అన్నాడు. తొలినుడి వాక్యం మొదలుపెట్టి, దాని మధ్యలో ఒక్క తెలుగు మాటను ఎత్తి పెట్టాడు. "నాన్న వచ్చియున్నాడు."

మిగిలినదంతా వదిలేశాడు.

బోధిక కళ్ళు గోడమీదికి పోయాయి. ఏ రంగు దీపం వెలుగుతుందో అని వెతికాయి. ఆసుపత్రి గోడమీద ఏ దీపమూ లేదు. మూడురోజుల తరువాత మొదటిసారి నోరు విప్పింది. శ్రోతలు భిక్షుణిని ప్రశ్నించే తీరులోనే అడిగింది. "నాన్న యనగా ఏమి?"

గ్రంథంలో జవాబు లేదు. విరూపాక్షరావు చెయ్యి ఎత్తి, చూపుడువేలు చాపి, ఫణీంద్రను చూపించాడు.

పిల్ల ఆ వేలిని చూసింది. ఉలిక్కిపడి తాత ముఖంలోకి చూసింది. ఆయన చెయ్యి దించలేదు.

"నాన్న," అంది బోధిక.

తండ్రిని పిలిచినట్లు కాదు. పాఠం అప్పజెప్పినట్లు, తప్పో ఒప్పో తేల్చవలసిన తాతనే చూస్తూ అంది.

"ఊఁ," అన్నాడు ఫణీంద్ర. "ఊఁ, అమ్మడూ."

ఆమె తల తిప్పలేదు. ఒప్పా అన్నట్లు తాతనే చూస్తోంది. విరూపాక్షరావు మంచం మీదనుంచి మెల్లగా లేచాడు. ఆమె చూపు ఆయన వెంటే వచ్చింది. ఆయన మంచం చుట్టూ నడిచి, నేలమీద కూర్చున్న అల్లుడి వెనక్కి పోయి, వెనకనే, తనను చూడాలంటే ముందు అతణ్ణి చూడక తప్పనిచోట, నిలబడ్డాడు.